పరుసవేది: కొలిమి ముందు కూర్చుని చూస్తే

అందరికీ నమస్కారం.

పరుసవేది అనగానే మన కళ్ళ ముందు ఒక బొమ్మ కదులుతుంది. ఏదో ఒక రాయి, దాన్ని ఇనుప ముక్కకు తాకిస్తే చాలు, ఇనుము బంగారమైపోతుంది. ఆ మాటలోనే తాకడం ఉంది కదా, స్పర్శవేది అన్నదే నోళ్ళలో నలిగి పరుసవేది అయింది. ఈ రోజు మాట్లాడబోయే వస్తువు అది కాదు. ఈజిప్టులో మొదలై, అరబ్బు నగరాల మీదుగా యూరప్ చేరిన రసవాదులు ‘తాత్త్వికుల రాయి’ అని పిలుచుకున్నది పేరుకే రాయి. చేతికి వస్తే అది పొడి. ఎర్రగానో కుంకుమపువ్వు రంగులోనో ఉంటుందనీ, పరిమాణానికి మించిన బరువు తూగుతుందనీ, గాజు పొడిలా మెరుస్తుందనీ, సెగ తగిలితే మైనంలా కరుగుతుందనీ రాసుకున్నారు. దాన్ని తాకించరు. తూకం వేసి, మైనంలోనో కాగితంలోనో చుట్టి, మూసలో, అంటే లోహాలు కరిగించే పాత్రలో, కరిగి ఉన్న సీసంలోకో, వేడెక్కిన పాదరసంలోకో విసురుతారు. ‘ప్రక్షేపం’ అనేది అదే. 17వ శతాబ్దపు వైద్యుడు, రసాయనవేత్త వాన్ హెల్మాంట్ తాను పావు గ్రెయిన్ పొడిని ఎనిమిది ఔన్సుల పాదరసం మీద వేస్తే దాదాపు అంతా బంగారమైందని రాశాడు. అంటే ఒక పాలు పొడికి పదివేల పాళ్ళ పైమాటే.

‘ఎలిక్సిర్’ అన్న మాట చూడండి. అరబ్బీలో అల్-ఇక్సీర్, దానికి మూలం గ్రీకులో జెరియాన్. పుండు మీద చల్లే పొడి మందు అని దానర్థం. సీసం, తగరం, రాగి రోగిష్ఠి లోహాలు, ఈ పొడి వాటికి మందు. మన రసశాస్త్ర గ్రంథాల్లో కూడా శతవేధి, సహస్రవేధి అని ఉంటాయి. నూరు రెట్ల లోహాన్ని మార్చేది, వెయ్యి రెట్ల లోహాన్ని మార్చేది అని. అక్కడా ఉన్నది తాకిడి కాదు, వేధ. అంటే లోపలికి దిగడం. ఆ దారి మరో రోజు మాట్లాడుకోదగ్గంత పెద్దది. ఇవాళ మాత్రం ఈజిప్టు నుంచి యూరప్ దాకా వచ్చిన దారిలోనే నడుద్దాం.

నేను పట్టుకోదలచిన ప్రశ్న ఒక్కటే. దాదాపు పదిహేను వందల ఏళ్ళపాటు ఇంతమంది, అందులో న్యూటన్, బాయిల్ లాంటి వాళ్ళు, ఇది జరిగే పనే అని ఎలా నమ్మారు? ఆశ అంటే సరిపోదు. ఆశ ఒక తరాన్ని మోసం చేయగలదేమో కానీ, యాభై అరవై తరాల పనివాళ్ళను కొలిమి దగ్గర కూర్చోబెట్టలేదు. వాళ్ళ కళ్ళ ముందు ఏదో జరుగుతూనే ఉండాలి. ఏం జరుగుతోందో చూద్దాం.

ముందు ఇత్తడి. రాగి ముక్కల్ని, కాలమైన్ అనే జింకు ఖనిజాన్ని, బొగ్గుపొడిని కలిపి మూసలో పెట్టి, మూత బిగించి, 900 నుంచి 1000 డిగ్రీల దాకా కాల్చాలి. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రాగి 1085 దగ్గర కరుగుతుంది. మధ్యలో ఉన్న ఆ సందే ఈ పనికి ప్రాణం. బొగ్గు వల్ల ఖనిజంలోంచి విడిపోయిన జింకు ఆవిరై, ఇంకా గట్టిగానే ఉన్న రాగిలోకి ఇంకుతుంది. వేడి ఎక్కువై రాగి ముందే కరిగిపోతే అడుగున ముద్దగా చేరుతుంది, ఆవిరి తగలడానికి పైతలం మిగలదు. మూత సరిగా బిగించకపోతే జింకు బయటికొచ్చి తెల్లటి పొగగా కాలిపోతుంది. పని కుదిరితే ఎర్రటి రాగి పసుపుపచ్చగా తేలుతుంది. బరువు కూడా పెరుగుతుంది. ఈ పద్ధతిలో ఇత్తడిలో జింకు దాదాపు 28 శాతం దాకా ఎక్కుతుంది కాబట్టి, 100 గ్రాముల రాగి పెట్టినవాడికి 139 గ్రాముల దాకా చేతికొస్తుంది. జింకు అనే లోహం ఒకటుందని వాళ్ళకు తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా ఇది: ఒక మట్టి ఉంది, దాన్ని వేస్తే రాగి రంగూ మారుతుంది, బరువూ పెరుగుతుంది. ఇంతకంటే మంచి మట్టి దొరికితే?

రెండోది సీసం. గలీనా అనే సీసపు ఖనిజంలో చాలాచోట్ల కొద్దిపాటి వెండి ఉంటుంది. ఎముక బూడిదతో చేసిన గిన్నెలో సీసాన్ని కరిగించి గాలి ఊదితే, సీసం ఆక్సైడై బూడిదలోకి ఇంకిపోతుంది, చివరికి వెండి పూస మిగులుతుంది. ఆ వెండిలో కాస్త బంగారం ఉండడమూ మామూలే. సీసంలో వెండి, వెండిలో బంగారం. భూమిలో లోహాలు కాయల్లా పండుతున్నాయనీ, సీసం పచ్చికాయ అనీ, బంగారం పండు అనీ గని పనివాడికి అనిపించడంలో వింతేముంది?

మూడోది ఇనుము. మైలుతుత్తం కరిగిన గనినీళ్ళలో ఇనుప ముక్క వదిలితే, కొన్నాళ్ళకు ఇనుము మాయమై ఆ చోట రాగి ఉంటుంది. జరిగింది ఏమిటంటే ఇనుము నీళ్ళలోకి వెళ్ళింది, నీళ్ళలోని రాగి బయటికొచ్చింది. ఇది కళ్ళకు కనపడదు కదా. కనపడేది ఇనుము రాగి అవడం మాత్రమే.

ఇక రంగు సంగతి. ‘పదహారు వన్నెల బంగారం’ అంటాం. వన్నె అంటే రంగు. బంగారం నాణ్యానికీ అదే మాట. ఆ పాత ఈజిప్టు పనివాళ్ళ ఆలోచన సరిగ్గా ఇక్కడే ఉంది: వన్నె వచ్చిందంటే వస్తువు వచ్చినట్టే. ఈజిప్టులోని థీబ్స్‌లో దొరికిన రెండు గ్రీకు చేతిరాత ప్రతులున్నాయి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటివి. ఒకటి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, రెండోది స్టాక్‌హోమ్‌లో ఉన్నాయి. వీటిలో వేదాంతం లేదు, వంటకాల పుస్తకంలా కొలతలే. లైడెన్ ప్రతిలో గంధకపు నీరు చేసే విధానం ఇలా ఉంటుంది: సున్నం ఒక ద్రాక్మా, నూరిన గంధకం అంతే. పాత్రలో వేసి పుల్లటి వెనిగర్ గానీ, చిన్నపిల్లవాడి మూత్రం గానీ పోయాలి. పైకి తేలిన నీరు రక్తంలా ఎర్రబడేదాకా కింద మంట పెట్టి, మడ్డి కదలకుండా వంచుకోవాలి. ఇందులో తయారయ్యేవి కాల్షియం పాలీసల్ఫైడ్లు. వెండి నాణేన్ని అందులో ముంచితే పైన పలుచటి సల్ఫైడ్ పొర కట్టి బంగారు రంగు తేలుతుంది. కొంచెం ఎక్కువసేపు ఉంచితే పొర మందమై గోధుమరంగులోకి, తర్వాత నలుపులోకి దిగుతుంది. అందుకే క్షణాలు లెక్కపెట్టుకుని తీయాలి. ఒక హెచ్చరిక: ఆమ్లం తగిలితే ఇందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కుళ్ళిన గుడ్ల వాసన వేసే విషవాయువు అది. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. మూసిన గదిలో ఎవరూ ప్రయత్నించవద్దు.

అదే ప్రతిలో ఇంకొకటుంది, నాకు చాలా ఇష్టమైనది. రాగి ఉంగరాన్ని గీటురాయి కూడా పట్టుకోలేని విధంగా బంగారంలా మార్చడం. బంగారం ఒక పాలు, సీసం రెండు పాళ్ళు, పిండిలా నూరి, జిగురుతో కలిపి, ఉంగరానికి పూసి కాల్చాలి. అలా పలుమార్లు. ఎందుకు పట్టుబడదో కూడా రాసిపెట్టాడు: గీటురాయి మీద గీస్తే పడేది బంగారపు గీతే, నిప్పు సీసాన్ని తినేస్తుంది గానీ బంగారాన్ని తినదు. ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ఇది రాసినవాడికి తాను చేస్తున్నది పూత అని తెలుసు. తనను తాను మోసం చేసుకోవడం లేదు.

మరి పూత దగ్గర్నుంచి మార్పు దాకా ఎలా వెళ్ళారు? క్రీ.శ. 300 ప్రాంతంలో ఈజిప్టులోని పనోపొలిస్‌కు చెందిన రసవాది జోసిమస్ రాతల్లో ఆ మలుపు కనిపిస్తుంది. అతడు తరచుగా పేర్కొనే మరియా అనే ఆమె పేరుతో పరికరాలు ప్రసిద్ధికెక్కాయి. కెరొటాకిస్ అందులో ఒకటి. అడుగున గంధకమో పాదరసమో ఆర్సెనిక్ ఖనిజమో మరుగుతుంటే, పైన జల్లెడలాంటి పలక మీద పెట్టిన రాగి రేకుకు ఆ ఆవిరి తగులుతూ ఉంటుంది. ఆర్సెనిక్ ఆవిరి తగిలితే రాగి వెండిలా తెల్లబడుతుంది. గంధకం తగిలితే నల్లబడుతుంది. ఇది పూత కాదు, ఆవిరి లోహంలోకి దిగింది. రేకును విరిచి చూసినా లోపలా అదే రంగు. నలుపు, తెలుపు, పసుపు, ఎరుపు అనే నాలుగు అంచెల క్రమం ఇక్కడే స్థిరపడింది. తర్వాతి శతాబ్దాల్లో పసుపు మెట్టు క్రమంగా జారిపోయి మూడే మిగిలాయి.

అరబ్బు రసవాదం, ముఖ్యంగా జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో ఉన్న గ్రంథాలు, దీనికి సిద్ధాంతం ఇచ్చాయి. లోహాలన్నీ గంధకం, పాదరసాల కలయిక. పాళ్ళు, శుద్ధి తేడా వల్లే ఒకటి సీసం, ఒకటి బంగారం. ఖనిజాన్ని కాలిస్తే గంధకం వాసన వస్తుంది, లోహాన్ని కరిగిస్తే పాదరసంలా కదులుతుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అందరూ ఒప్పుకోలేదు. పారశీక వైద్యుడు, తత్త్వవేత్త ఇబ్న్ సీనా కచ్చితంగా కాదన్నాడు. రంగు వేయగలరు గానీ జాతిని మార్చలేరన్నాడు. ఆ అభ్యంతరానికి సమాధానం చెప్పాలన్న పట్టుదలతోనే 1300 ప్రాంతంలో గెబెర్ (జాబిర్‌కు లాటిన్ రూపం) పేరుతో లాటిన్‌లో వెలువడిన గ్రంథం, మందుల్ని మూడు తరగతులు చేసింది. మొదటి తరగతి మందు రంగు వేస్తుంది, నిప్పులో పోతుంది. రెండోది కొన్ని పరీక్షలకు నిలుస్తుంది, కొన్నిటికి నిలవదు. మూడోది అన్ని పరీక్షలకూ నిలుస్తుంది. అంటే తాత్త్వికుల రాయిని నిర్వచించింది పరీక్షే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు అసలు తయారీ. దేనితో మొదలుపెట్టాలన్న దాని మీద ఒక్కొక్కరిది ఒక్కో మాట. గుడ్లు, జుట్టు, మూత్రం, మైలుతుత్తం, సీసం, అన్నీ అయ్యాయి. నేను వాటన్నిటినీ వదిలేసి, 17వ శతాబ్దంలో జార్జి స్టార్కీ అనుసరించిన, ఆంటిమొని అనే పెళుసు లోహంతో మొదలయ్యే దారి ఒక్కటే చెబుతాను. ఎందుకంటే దాని మెట్లు స్పష్టంగా ఉన్నాయి, మన కాలంలో లారెన్స్ ప్రిన్సిపే అనే చరిత్రకారుడు ప్రయోగశాలలో చేసి చూపించాడు కూడా. స్టార్కీ బెర్ముడాలో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, లండన్ చేరి, 1665 ప్లేగులో పోయాడు. 1651లో అతడు బాయిల్‌కు రాసిన ఉత్తరంలో ఈ పద్ధతి ఉంది. దాని లాటిన్ ప్రతి న్యూటన్ చేతిరాతలో దొరకడంతో, అది న్యూటన్ సొంత రచనే అని చాలాకాలం పొరబడ్డారు.

మొదటి మెట్టు, నక్షత్రపు ఆంటిమొని. స్టిబ్నైట్ అంటే ఆంటిమొని సల్ఫైడ్, కాటుకకు వాడిన నల్లరాయి. అది తొమ్మిది పాళ్ళు, ఇనుము నాలుగు పాళ్ళు. ఇనుప మేకుల్ని మూసలో తెల్లగా మెరిసేదాకా కాల్చి, నూరిన స్టిబ్నైట్‌ను కొద్దికొద్దిగా వేయాలి. గంధకానికి ఆంటిమొని కంటే ఇనుమంటే ఎక్కువ మక్కువ. అది ఇనుముతో కలిసి చిట్టెంగా పైకి తేలుతుంది, ఆంటిమొని లోహం అడుగుకు దిగుతుంది. ఇవాళ్టి పరమాణు భారాలతో లెక్క వేస్తే 340 పాళ్ళ స్టిబ్నైట్‌కు 168 పాళ్ళ ఇనుము కావాలి, రెండుకు ఒకటి అన్నమాట. వాళ్ళ తొమ్మిదికి నాలుగు దానికి ఎంత దగ్గరో చూడండి. అణువు అంటే ఏమిటో తెలియకుండా, తక్కెడ పట్టుకుని, తప్పులు చేసి చేసి సాధించిన అంకె అది. ఇనుమును కాస్త తక్కువే పెట్టారని గమనించండి. అది తెలివితక్కువ కాదు. ఇనుము మిగిలితే లోహంలో కలిసిపోయి, దాన్ని బూడిదరంగు, గరుకు ముద్దగా చేస్తుంది.

తర్వాత ఆ లోహాన్ని సురేకారంతో రెండు మూడుసార్లు మళ్ళీ కరిగించి శుద్ధి చేస్తారు. నక్షత్రం అంటే ఏమిటి? ముద్ద పైన, నడిమి నుంచి అంచులకు పరుచుకున్న స్ఫటికాల చారలు. అది రావాలంటే మూడు కుదరాలి. లోహం శుద్ధంగా ఉండాలి. పైన చిట్టెం దట్టంగా దుప్పటిలా కప్పి ఉండాలి, లేకపోతే పైతలం ముందే గడ్డకట్టి స్ఫటికాలు పెరగవు. మూసను కదపకుండా, నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఎవరైనా పక్కన తలుపు గట్టిగా వేసినా ఆ రోజుకు నక్షత్రం లేనట్టే అని నవ్వుకోవచ్చు గానీ, తొందరపడి మూస వంచిన వాళ్ళకు దక్కేది మామూలు ముద్దే.

ఇక్కడ ఒక పక్కమాట. ఆంటిమొనితో పసుపుపచ్చని గాజు చేయమని బేసిల్ వాలెంటైన్ పేరు మీద ఉన్న గ్రంథం చెబుతుంది. ప్రిన్సిపే శుద్ధమైన స్టిబ్నైట్‌ను వేయించి, కరిగించి ఎన్నిసార్లు చేసినా గాజు రాలేదు, బూడిదరంగు ముద్దే వచ్చింది. చివరికి తూర్పు యూరప్ గనుల నుంచి ముడిఖనిజం తెప్పించి చేస్తే బంగారు రంగు గాజు వచ్చింది. ఆ ఖనిజంలో కొద్దిగా క్వార్ట్జ్ ఉంది. గాజుకు కావలసిన సిలికా అదే. అంటే పాత గ్రంథం అబద్ధం చెప్పలేదు, మన సీసాలోని పదార్థం మరీ శుభ్రంగా ఉంది. రసవాదుల వంటకం పారలేదంటే వాళ్ళు అబద్ధాలకోరులు అనే ముందు, వాళ్ళ పదార్థాల్లో ఏ మలినం ఉండేదో వెతకాలి.

రెండో మెట్టు. ఆంటిమొనిని పాదరసంలో కలపాలి. కానీ పాదరసం దాన్ని ముట్టదు. మధ్యవర్తి కావాలి. వెండి రెండు పాళ్ళు, నక్షత్రపు ఆంటిమొని ఒక పాలు కరిగించి మిశ్రలోహం చేస్తే, అది పెళుసుగా ఉంటుంది, నూరితే పొడి అవుతుంది. పాదరసం వెండిని పట్టుకుంటుంది, వెండి వెంట ఆంటిమొని కొంత వస్తుంది. స్టార్కీ వర్గం ఈ రెండు పాళ్ళ వెండిని ‘డయానా పావురాలు’ అని రాసింది. పొడుపుకథల్లా కనిపించే వాళ్ళ రాతల్లో చాలావరకు ఇలా కొలతలే దాగి ఉంటాయి. ఈ ముద్దను రాతికల్వంలో గంటల తరబడి నూరి, నీళ్ళతో కడిగితే నల్లటి పొడి బయటికొస్తుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఆరబెట్టి, పాదరసాన్ని స్వేదనం చేసి దించుకుని, మళ్ళీ కొత్త మిశ్రలోహంతో కలపాలి. ఒక్కో విడతను ఒక ‘గద్ద’ అంటారు. ఏడు నుంచి పది గద్దలు. తడి మిగిలిన ముద్దను స్వేదనానికి పెడితే నీటి ఆవిరి ఎగదన్ని, పాదరసం మెడలోకి చిమ్ముతుంది. ఆరబెట్టడం దగ్గర బద్ధకించిన వాళ్ళు అక్కడే నష్టపోయారు. పాదరసపు ఆవిరికి వాసన లేదు, రంగు లేదు. చేతులు వణకడం, చిగుళ్ళు వాచడం, చిరాకు, నిద్రలేమి, ఇవన్నీ అప్పటి రసవాదులకు కొలిమిని అంటిపెట్టుకున్న జబ్బులు.

మూడో మెట్టు, గుడ్డు. ఇలా సిద్ధమైన పాదరసంలో శుద్ధమైన బంగారం వేసి, నూరి, పొడవాటి మెడ ఉన్న కోడిగుడ్డు ఆకారపు గాజు పాత్రలో పోస్తారు. పావు వంతు నుంచి మూడో వంతు వరకే నింపాలి. మెడను మంటలో కరిగించి మూసేస్తారు. దాన్ని ఇసుకలోనో బూడిదలోనో పాతి, అథనార్ అనే కొలిమిలో పెడతారు. అథనార్ విశేషం ఏమిటంటే, పక్కన నిలువు గొట్టంలో బొగ్గు నింపి పెడితే, కింద కాలేకొద్దీ పైది దానంతట అదే జారుతుంది. రాత్రంతా ఎవరూ లేచి బొగ్గు వేయనక్కర్లేదు. థర్మామీటరు లేని కాలం కాబట్టి మంటను నాలుగు స్థాయిలుగా గుర్తుపెట్టుకునేవారు: కోడి పొదిగే వెచ్చదనం, చేయి పెట్టి ఓర్చుకోగలిగే వేడి, సీసం కరిగే వేడి, నేరుగా మంట.

గుడ్లు ఎక్కువగా పేలింది చివరి రెండు స్థాయిల మధ్య. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూసిన పాత్రలో 400 డిగ్రీలకు దాని ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి రెట్టింపు. 500కు చేరితే సుమారు ఎనిమిది రెట్లు. అప్పటి గాజుకు, అందులోనూ చేత్తో ఊది ఒకచోట పలుచగా, ఒకచోట మందంగా ఉన్న గాజుకు, అది ప్రాణాంతకమే. మంట తగ్గిస్తే నెలలు గడిచినా ఏమీ కదలదు, పెంచితే పేలుతుంది. ఏడాది శ్రమ ఒక్క చప్పుడుతో గోడ మీద వెండి చుక్కలై మిగిలేది.

సరే, పేలకపోతే ఏం కనపడేది? ప్రిన్సిపే గుడ్డులో మిశ్రమం ఉబ్బింది, పులిసిన పిండిలా పొంగింది, ద్రవమైంది, కొన్నాళ్ళకు ఒక రాత్రిలో కొమ్మలు, రెమ్మలతో చెట్టులా పెరిగింది. బంగారం, పాదరసం కలిసిన స్ఫటికాల చెట్టు. ఇప్పుడు మీరు 1650లో ఉన్నారనుకోండి. ‘లోహాలకు ప్రాణం ఉంది, బంగారం విత్తనం, దానికి తగిన నేల దొరికితే మొలుస్తుంది’ అని గురువుల రాతల్లో చదివారు. నెలల తరబడి కాపలా కాశారు. ఒక ఉదయం గుడ్డులో చెట్టు ఉంది. నమ్మరా? నేనైతే నమ్మేవాణ్ణే.

రంగులకూ ఇలాంటి వివరణలే. పాదరసం 25 పాళ్ళు, గంధకం 4 పాళ్ళు కలిపి నూరితే నల్లటి పొడి వస్తుంది. దాన్ని గట్టిగా వేడి చేసి ఆవిరిగా పైకెక్కిస్తే, మూత లోపల ఎర్రటి ఇంగిలీకం పేరుకుంటుంది. నలుపు నుంచి ఎరుపుకు. సీసాన్ని గాలిలో కాలిస్తే పసుపు పొడి, దాన్ని 450, 500 డిగ్రీల మధ్య ఓపిగ్గా ఉంచితే ఎర్రటి సిందూరం. వేడి ఇంకా పెంచితే మళ్ళీ పసుపే. ‘ఎరుపు పారిపోయింది, మంట మితిమీరింది’ అని రసవాదులు వాపోయేది ఇదే. అన్నిటికంటే మాయ చేసింది పాదరసమే. గాలి తగిలేలా 350 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచితే, పైన ఎర్రటి పొడి కడుతుంది, మెర్క్యురీ ఆక్సైడ్. మెడ పూర్తిగా మూసినవాడికి ఇది రాదు, లోపల గాలి చాలదు. మెడ తెరిచి ఉంచినవాడికి వస్తుంది. బరువైన, ఎర్రటి, మెరిసే పొడి! పుస్తకంలో చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి. తీసుకెళ్ళి ఎర్రగా కాగే లోహం మీద వేస్తే, 500 డిగ్రీలు దాటగానే విడిపోయి మళ్ళీ పాదరసమై ఎగిరిపోతుంది. 1774లో ఇంగ్లీషు రసాయనవేత్త ప్రీస్ట్లీ భూతద్దంతో ఎండను కేంద్రీకరించి వేడి చేసింది ఈ ఎర్రటి పొడినే. ఆ విడిపోయేటప్పుడు బయటికొచ్చే గాలిని పట్టుకోవాలని అతనికి తోచింది. అది ఆక్సిజన్. రసవాదులు వందల ఏళ్ళు అదే గాలిని గదిలోకి వదిలేశారు, వాళ్ళ చూపంతా మూస అడుగున ఉండేది.

ఇప్పుడు పరీక్షల దగ్గరికి వద్దాం. గీటురాయి పైతలాన్నే చూస్తుంది, అందుకే లైడెన్ ప్రతి పనివాడు దాన్ని వెక్కిరించగలిగాడు. ఎముక బూడిద గిన్నె అలా కాదు. నమూనాకు కొన్ని రెట్లు సీసం కలిపి, గాలి తగిలేలా కాలిస్తే, రాగి, తగరం, జింకు, ఆంటిమొని అన్నీ ఆక్సైడ్లై సీసంతో పాటు బూడిదలోకి ఇంకుతాయి. మంచి బూడిద తన బరువంత సీసపు ఆక్సైడ్‌ను పీల్చుకోగలదు, కాబట్టి గిన్నె చిన్నదైతే పని మధ్యలో ఆగుతుంది. వేడి చాలకపోతే పూస చుట్టూ ఆక్సైడ్ గడ్డకట్టి ‘ఉడుకు చచ్చిపోతుంది’. ఎక్కువైతే వెండి కొంత ఆవిరవుతుంది. చివర మిగిలేది బంగారం, వెండి. ఆ రెంటినీ వేరుచేయడానికి నత్రికామ్లం. ఇక్కడొక చిత్రమైన నియమం ఉంది: పూసలో బంగారం పావు వంతుకు మించకూడదు. మించితే బంగారమే కవచమై ఆమ్లాన్ని లోపలికి రానివ్వదు. అందుకే ఒక పాలు బంగారానికి మూడు పాళ్ళు వెండి ఉండేలా, కావాలని వెండి కలిపి కరిగిస్తారు. బంగారాన్ని పరీక్షించడానికి ముందు దాన్ని చెడగొట్టాలన్నమాట.

ఈ రెండు పరీక్షలూ దాటిన కృత్రిమ బంగారం ఏదీ లేదు. మరి దాటినట్టు రాసిన సాక్ష్యాల మాటేమిటి? కొన్నింటిలో బంగారం నిజంగానే వచ్చింది, ఎందుకంటే ముందు నుంచీ ఉంది. పాత వెండిలో వేరుచేయని బంగారం ఉండేది. కలిపిన వెండిలోంచి అది పొడిగా తేలితే, కొత్తగా పుట్టిందనుకున్నారు. ఇంకొన్ని శుద్ధ మోసాలు. 1722లో పారిస్ సైన్స్ అకాడమీలో రసాయనవేత్త జొఫ్రువా వాటిని విడమరిచి చెప్పాడు. రెండు అడుగులున్న మూస, పై అడుగు మైనంది, కింద బంగారపు పొడి. బోలుగా తొలిచి బంగారం నింపి, కొసను మైనంతో మూసిన కలియబెట్టే పుల్ల. తొలిచిన బొగ్గు ముక్క. ముందే బంగారం కరిగించి పెట్టిన పాదరసం. సగం ఇనుము, సగం బంగారం అతికించి, బంగారపు సగానికి ఇనుపరంగు పూసిన మేకు. ద్రవంలో ముంచితే రంగు కరిగిపోతుంది, ‘మారిన’ సగం బయటపడుతుంది.

వీటన్నిటిలో నాకు గొప్పగా అనిపించేది 1677 నాటి వియన్నా పతకం. వెంజెల్ సైలర్ అనేవాడు చక్రవర్తి మొదటి లియోపోల్డ్ కోసం వెండి పతకాన్ని ద్రవంలో ముంచి బంగారం చేశాడన్నారు. ఏడు కిలోల పైచిలుకు బరువున్న ఆ పతకం ఇప్పటికీ వియన్నా మ్యూజియంలో ఉంది. 20వ శతాబ్దంలో విశ్లేషిస్తే సగానికి కాస్త తక్కువ బంగారం, 43 శాతం దాకా వెండి, మిగతాది చాలావరకు రాగి. ఆ పాళ్ళలో కలిపితే లోహం పాలిపోయి వెండిలా కనిపిస్తుంది. నత్రికామ్లం పైపొరలోని వెండిని, రాగిని తినేస్తే బంగారం ఒక్కటే మిగిలి మెరుస్తుంది. నాణ్యం పరీక్షించే ఆమ్లాన్నే మోసానికి వాడుకున్నాడు! పతకం అంచున చిన్న ముక్క కోసి ఎముక బూడిద గిన్నెలో పెట్టి ఉంటే ఆ రోజే తేలిపోయేది. చక్రవర్తి పతకాన్ని ఎవరు కోస్తారు?

చట్టాల సంగతి క్లుప్తంగా. 1317లో పోప్ 22వ జాన్ రసవాదుల దొంగ బంగారాన్ని నిషేధించాడు. ఇంగ్లండులో 1404లో బంగారం, వెండి ‘వృద్ధి చేయడం’ నేరమైంది. ఆ చట్టం 1689లో రద్దయింది, రద్దు కోసం పూనుకున్నవాళ్ళలో బాయిల్ ఒకడు. వృద్ధి సాధ్యమేననీ, చట్టమే అడ్డుపడుతోందనీ ఆయన అభిప్రాయం.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: కొలిమి వేడిని ఇంకా పెంచగలిగి ఉంటే ఏమైనా జరిగేదా?

జరిగేది కాదు. 1200 డిగ్రీల కొలిమిలో ఒక్కో అణువుకు దక్కే శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు పైన. అణువుల స్థాయిలో శక్తికి అదే కొలమానం. రసాయన బంధం తెంచాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. బంగారాన్ని బంగారం చేసేది కేంద్రకంలోని 79 ప్రోటాన్లు, వాటిని కట్టి ఉంచిన శక్తి లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. కొలిమి పెద్దదైతే తీరే లోటు కాదది.

ప్రశ్న: పాదరసానికి 80 ప్రోటాన్లు కదా. ఒక్కటి తగ్గిస్తే బంగారమే. అణు రియాక్టరులో చేయవచ్చంటారు?

చేయవచ్చు. పాదరసంలో 196 ద్రవ్యరాశి ఉన్న ఐసోటోపు, అంటే ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్ల లెక్క మారిన రకం, ఒక న్యూట్రాన్‌ను మింగితే 197 అవుతుంది. అది 64 గంటల అర్ధాయుష్షుతో మామూలు, స్థిరమైన బంగారంగా మారుతుంది. చిక్కు ఎక్కడంటే, సహజ పాదరసంలో 196 ఉన్నది 0.15 శాతమే. కిలోకు ఒకటిన్నర గ్రాములు. అదీ కాక, 17 శాతం దాకా ఉన్న 199 ఐసోటోపు కూడా న్యూట్రాన్లను ఆబగా మింగుతుంది, మింగి 200 ద్రవ్యరాశి పాదరసమై ఊరుకుంటుంది. మీరు ఖర్చుపెట్టిన న్యూట్రాన్లలో అత్యధిక భాగం దాని పొట్టలోకే పోతాయి. ముందు 196ను వేరుచేసి శుద్ధి చేసుకుంటే తప్ప లాభం లేదు, ఆ వేరుచేయడానికయ్యే ఖర్చు వచ్చే బంగారాన్ని మింగేస్తుంది.

ప్రశ్న: సీసంతో?

సీసానికి 82, మూడు ప్రోటాన్లు ఊడగొట్టాలి. జెనీవా దగ్గరున్న సెర్న్ కణ పరిశోధన కేంద్రంలో సీసపు కేంద్రకాలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా, పక్కపక్కనుంచి దూసుకుపోయినప్పుడు అది జరుగుతోంది. 2015 నుంచి 2018 వరకు జరిగిన ప్రయోగాల్లో దాదాపు 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు పుట్టాయని అక్కడి ఆలిస్ అనే ప్రయోగ బృందం 2025లో లెక్క చెప్పింది. అన్నీ కలిపితే 29 పికోగ్రాములు. గ్రాములో లక్ష కోట్లవ వంతును పికోగ్రాము అంటాం. అవి కూడా పుట్టిన వేగంతోనే గొట్టం గోడకు తగిలి చెదిరిపోయాయి, ఎముక బూడిద గిన్నె దాకా రాలేదు.